ఖాళీ సీసా మీద నా సంతకం

సబ్‌స్టేషన్ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చి "మీ అనుభవాలు చెప్పండి మేడం" అని అడుగుతున్నారు. చెబుతున్నంతసేపూ మర్యాదగా తల ఊపుతారు, కాఫీ తాగుతారు, ఫోన్లు చూసుకుంటూ వెళ్లిపోతారు. అందుకని రాసి చేతికిద్దామనుకున్నాను. కాయితానికి తల ఊపి తప్పించుకోవడం కొంచెం కష్టం.

ముప్పై ఏళ్లకు పైగా నేను బ్రేకర్ల పరీక్షలూ మరమ్మతులూ చూశాను. గుడివాడలో మొదలుపెట్టాను, బందరులో కొన్నాళ్లు చేశాను, ఎక్కువకాలం దివిసీమలో తిరిగాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి రావలసినప్పుడు రాలేదు, వచ్చినప్పుడు పెద్దగా సంతోషమూ కలగలేదు. ఆడదానివి యార్డులోకి ఎందుకొచ్చావని మొహం మీదే అడిగినవాళ్ల గురించీ రాయను. వాళ్లలో చాలామంది తర్వాత నాకే ఫోన్ చేసి సలహా అడిగారు కాబట్టి ఆ లెక్క సరిపోయింది. నేను చెప్పదలచుకున్నది నేను పెట్టిన ఒక సంతకం గురించి. దాన్ని గురించి ఇంతవరకు మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

వీరాస్వామి గారి ముక్కు

నేను చేరేనాటికి అన్నీ నూనె బ్రేకర్లే. బ్రేకర్ అంటే ఇంట్లో స్విచ్ లాంటిదే. కాకపోతే ఇది ఊళ్లకు ఊళ్లు వెలిగిస్తుంది, ఆర్పుతుంది. పారుతున్న కరెంటును తెంపాలని చూస్తే అది ఊరుకోదు. రెండు లోహపు ముక్కల్ని విడదీయగానే మధ్యలో మెరుపులాంటి మంట పుడుతుంది. ఆ మంటను ఆర్పడానికి అప్పట్లో నూనె వాడేవాళ్లు.

గుడివాడలో మా ఫోర్‌మన్ వీరాస్వామి గారు ఆ నూనె బ్రేకర్లకు నాడి పట్టే వైద్యుడు. మూత తీసి ఒకసారి వాసన చూసేవారు. "ఇది నాలుగు ఫాల్టులు తిన్నదమ్మాయి గారూ, నూనె మార్చాలి" అనేవారు. రికార్డు తెరిచి చూస్తే నాలుగే ఉండేవి. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. పుస్తకాల్లో లేనివి చాలా నేర్చుకున్నాను.

తర్వాత వాక్యూమ్ బ్రేకర్లు వచ్చాయి. తెచ్చిన కంపెనీ మనిషి మెరిసే బూట్లు వేసుకుని యార్డులోకి వచ్చి "వీటిని పదేళ్ల దాకా ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. మేమంతా సంబరపడ్డాం. నూనె మోయక్కర్లేదు, మసి కడగక్కర్లేదు. వీరాస్వామి గారు మాత్రం ఆ బ్రేకర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, వాసన చూడ్డానికి ఏమీ దొరక్క, నా దగ్గరికి వచ్చారు.

"లోపల ఏముందంటారు?"

"ఏమీ లేదండీ. శూన్యం. అదే దాని బలం" అన్నాను, పుస్తకం చదివిన ధైర్యంతో.

మా నాన్న పెదపారుపూడి దగ్గర ఒక పల్లెలో చర్చి ఉపదేశి అని ఆయనకు తెలుసు. నవ్వి, "కనబడనిదాన్ని నమ్మడం మీ చర్చిలో చెల్లుద్ది అమ్మాయి గారూ. యార్డులో చెల్లదు" అన్నారు.

నేనూ నవ్వాను. పెద్దాయన చాదస్తం అనుకున్నాను.

సీసాలో ఏముంటుంది

మీరు చదువుకునే వచ్చారు కాబట్టి తెలుసనుకుంటారు. అయినా ఒకసారి వినండి.

వాక్యూమ్ బ్రేకర్‌లో ఫేజుకొకటి చొప్పున మూడు సీసాలుంటాయి. పింగాణీ గొట్టానికి రెండు వైపులా లోహపు మూతలు వేసి, లోపలి గాలంతా తోడేసి, శాశ్వతంగా మూసేసిన సీసా. లోపల రెండు రాగి మిశ్రమపు బిళ్లలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి కదలదు, ఇంకొకటి కదులుతుంది. కదిలే బిళ్ల వెనక ముడతలు ముడతలుగా పలచటి లోహపు తిత్తి ఉంటుంది. బిళ్ల ముందుకూ వెనక్కూ జరిగినా గాలి లోపలికి పోకుండా కాపాడేది ఆ తిత్తే. బ్రేకర్ తెరిచినప్పుడు, అంటే కరెంటు కట్టేసినప్పుడు, ఆ బిళ్లల మధ్య దూరం మీ చిటికెన వేలు మందం కూడా ఉండదు. అంత చిన్న సందు పదకొండు వేల వోల్టుల్ని ఆపుతుంది.

ఎలా ఆపుతుందంటే, మంట మండడానికి ఏదో ఒకటి కావాలి. గాలిలో అయితే గాలే మండుతుంది, నూనెలో అయితే నూనెలోంచి పుట్టిన వాయువు. ఇక్కడ అవేమీ లేవు. బిళ్లలు విడిపోయేటప్పుడు వాటి మీద నుంచి లేచిన లోహపు ఆవిరి ఒక్కటే దానికి ఆధారం. మన కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది. అది సున్నాకు వచ్చిన ఆ క్షణంలో ఆ ఆవిరి చల్లబడి, అన్నం గిన్నె మూత కింద ఆవిరి పట్టినట్టు, చుట్టూ ఉన్న లోహపు కవచానికి అంటుకుపోతుంది. మళ్లీ వోల్టేజి లేచేసరికి మధ్యలో కరెంటును మోసేది ఏదీ మిగలదు. అంతే, ఆరిపోయింది. చప్పుడు లేదు, పొగ లేదు.

ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియాల్సింది ఇంకొకటుంది. ఆ సీసాలోకి వెంట్రుకవాసి పగులుగుండా కొంచెం గాలి దూరిందనుకోండి. బయటికి ఏ తేడా కనబడదు. వాసన రాదు, మసి పట్టదు. బ్రేకర్ తెరిస్తే 'ఠక్'మని అదే చప్పుడు. పెట్టె మీద, కట్టేసి ఉందని చెప్పే అదే పచ్చరంగు గుర్తు. మూడు సీసాల్లో రెండు బాగున్నాయి కాబట్టి లోడు ఆగిపోతుంది, అమ్మీటరు సున్నా చూపిస్తుంది, మోటార్లు ఆగుతాయి. కానీ చెడిపోయిన మూడో సీసాగుండా వోల్టేజి లైన్లోకి పోతూనే ఉండొచ్చు. ఊళ్లలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ల చుట్లలోంచి మిగతా రెండు తీగలకూ పాకొచ్చు. చచ్చిందనుకున్న లైను మనిషిని చంపేలా ఉంటుంది.

సీసాలో శూన్యం ఉందో లేదో తెలుసుకోవడానికి మా చేతిలో ఉన్నది ఒకే పరీక్ష. బ్రేకర్ తెరిచి ఉంచి, ఒక్కొక్క సీసా మీద హైపాట్ సెట్ అనే యంత్రంతో ఇరవై ఎనిమిది వేల వోల్టులు పెట్టి ఒక నిమిషం నిలబెట్టాలి. నిలిస్తే శూన్యం ఉంది. నిలవకపోతే లేదు.

ఉప్పు నేర్పిన అలవాటు

దివిసీమలో సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఇనుము బతకదు. కొత్త బోల్టు ఒక వానాకాలం దాటేసరికి ఎర్రగా పొడి రాలుతుంది. లైన్ల మీద ఏబీ స్విచ్‌లని ఉంటాయి. హ్యాండిల్ దించితే మూడు బ్లేడ్లు విడిపోయి, లైను తెగినట్టు కింద నుంచి కంటికి కనబడుతుంది. బ్రేకర్ తెరిచాక దాన్ని కూడా దించి, లైనును ఎర్త్ చేసి, ఆ తర్వాతే లైన్‌మన్‌కి ఎల్‌సీ ఇవ్వాలని రూలు. ఎల్‌సీ అంటే "లైన్లో కరెంటు లేదు, నువ్వు స్తంభం ఎక్కవచ్చు" అని ఆపరేటర్ ఇచ్చే మాట.

ఆ స్విచ్‌లు ఉప్పుగాలికి బిగుసుకుపోయేవి. ఇద్దరు వేలాడితేగాని దిగేవి కావు. దిగాక మళ్లీ వేస్తే ఒక బ్లేడు సరిగా కూర్చునేది కాదు. అప్పుడు రొయ్యల చెరువుల మీద ఒక ఫేజు పోయి, నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగిపోయి, రైతుల ఫోన్లు మొదలయ్యేవి. నీళ్లలో గాలి తగ్గితే రొయ్య ఆగదు. వాళ్లు తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను, కానీ వాళ్ల భయం నిజం.

అందుకని ఆ ప్రాంతంలో ఒక అలవాటు పాతుకుపోయింది. చిన్న పనులకు ఏబీ స్విచ్ జోలికి పోకుండా, బ్రేకర్ ఒక్కటే కట్టేసి ఎల్‌సీ ఇచ్చేవాళ్లు. ఆపరేటర్లకు తెలుసు, లైన్‌మన్‌లకు తెలుసు, వాళ్ల పైనున్న ఇంజనీర్లు ఏఈలకు తెలుసు. నాకూ తెలుసు. నూనె బ్రేకర్ల కాలంలో ఎవరూ చేయని సాహసం ఇది. వాక్యూమ్ బ్రేకర్ చెడిపోదనే నమ్మకం వచ్చాకే మొదలైంది. ఆ నమ్మకానికి ఆధారం నాలాంటివాళ్లు రాసిచ్చే పరీక్ష షీట్లు.

ఆ షీటు

ఆ సంవత్సరం వానలకు ముందు పరీక్షలు పూర్తి చేయాల్సిన సమయానికి మా హైపాట్ సెట్ బందరులో రిపేరులో పడి ఉంది. వస్తుంది, వస్తుంది అంటున్నారు. నేను మెగ్గర్ అనే చిన్న మీటరు పట్టుకుని తిరిగాను. మెగ్గర్ ఇన్సులేషన్ సంగతి కొంత చెబుతుందిగాని సీసాలో శూన్యం గురించి నమ్మదగ్గ సాక్ష్యం ఇవ్వదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. పది మందికి క్లాసు కూడా చెప్పాను.

అయినా హంసలదీవి వైపు వెళ్లే దారిలో ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో, పేరు రాయను, నేను బ్రేకర్ తుడిపించి, మెగ్గర్ వేసి, షీటులో 'వాక్యూమ్' అనే గడి దగ్గరికి వచ్చేసరికి కిందటేడు రాసింది చూసి 'బాగుంది' అని రాశాను. మూడు ఫేజులకూ రాశాను. సంతకం పెట్టాను. ఆ ఒక్క చోటే కాదు, ఆ నెలలో తిరిగిన ప్రతిచోటా అలాగే రాశాను.

ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. తొందర ఉంది, నిజమే. కానీ ఆ గడి ఖాళీగా వదిలేసి 'పరీక్ష చేయలేదు' అని రాస్తే ఎవరూ నన్ను ఉరితీసేవారు కాదు. నాలుగు ప్రశ్నలు అడిగేవారు. ఆ నాలుగు ప్రశ్నలకు బద్ధకించాను. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

ఉప్పు పలికిన పొద్దు

రెండు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున, ఏడుకొండలు అనే లైన్‌మన్ చెరువు గట్టు మీద ఒక స్తంభం పైన తీగను మోసే పింగాణీ పగిలితే మార్చడానికి వెళ్లాడు. వాళ్లది చేపలవేట మీద బతికే కుటుంబం. అతనొక్కడే ఆ ఇంట్లో నుంచి ఉద్యోగానికి వచ్చాడు. సబ్‌స్టేషన్‌లో డ్యూటీ ఆపరేటర్ నాంచారయ్య గారు. రిటైర్మెంటుకు రెండేళ్లున్న మనిషి. ఏడుకొండలు ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాడు. చుట్టరికం లేదు, అలవాటు.

"బాబాయ్, ఎల్‌సీ ఇస్తావా?"

"కట్టేశాను. ఎక్కు."

రోజూ జరిగే మాటలే. ఏడుకొండలు ఎక్కాడు. తీగకు ఒక బారెడు కిందికి వచ్చి ఆగాడు. అతనికి అదొక అలవాటు. సముద్రం దగ్గర పింగాణీల మీద ఉప్పు పేరుకుంటుంది. తెల్లవారుజామున తేమకు అది తడుస్తుంది. లైన్లో కరెంటుంటే ఆ తడి ఉప్పు సన్నగా చిటచిటలాడుతుంది. లేకపోతే మౌనంగా ఉంటుంది. ఆ చుట్టుపక్కల పాత లైన్‌మన్‌లు దాన్ని 'ఉప్పు పలకడం' అంటారు. ఏ రూల్‌బుక్కులోనూ లేని పరీక్ష అది. ఎండ ఎక్కాక అది కూడా పనిచేయదు.

ఆ పొద్దు ఉప్పు పలికింది.

ఏడుకొండలు దిగి వచ్చి, గట్టు మీద కూలబడి, ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఉప్పు పలుకుతోంది. నువ్వు కట్టలేదు."

"కట్టే ఉందిరా! నా కళ్లెదురుగా ఉంది, పచ్చగా."

"నేను చచ్చిపోయేవాణ్ణి బాబాయ్."

ఆ మాటతో నాంచారయ్య గారు ఫోన్ పెట్టేశారు. ఏఈకి ఫోన్ చేస్తే ఆయన ముందు ఏబీ స్విచ్ దించమన్నాడు. వాచ్‌మన్‌తో కలిసి వేలాడి దించారు. అక్కడ చెరువు గట్టు మీద చిటచిట ఆగిపోయింది.

పది గంటలకల్లా సబ్‌స్టేషన్ ముందు లైన్‌మన్‌లంతా చేరారు. వాళ్ల కోపం న్యాయమైనది. నాంచారయ్య గారు ఎల్‌సీ ఇచ్చేశారు, బ్రేకర్ కట్టడం మరిచిపోయారు, ఏడుకొండలు అరిచాక పరుగెత్తి కట్టారు. అందరికీ అర్థమైనది ఇదే. లాగ్‌షీటులో ఆయన రాసిన టైము తర్వాత రాసిందన్నారు. బ్రేకర్ ఎన్నిసార్లు పనిచేసిందో చెప్పే కౌంటరు ఉప్పుకు బిగుసుకుని ఎప్పుడో ఆగిపోయింది. ఏరేటర్లు ఆగి ఉన్నాయి కదా అని ఆయన అంటే, ఆ తెల్లవారుజామునే పై నుంచి సప్లై ఒకసారి పోయి వచ్చింది, రైతు వచ్చి స్టార్టరు నొక్కేదాకా అవి మళ్లీ తిరగవు, కాబట్టి అదేమీ రుజువు కాదన్నారు.

మిగిలింది ఒక్క ప్రశ్న. బ్రేకరే చెడిపోయిందేమో? మా డివిజన్ ఇంజనీరు డీఈ గారు ఫైల్లోంచి నా షీటు తీశారు. రెండు నెలల కిందటిది. మూడు ఫేజులకూ 'బాగుంది'. కింద నా సంతకం.

"బ్రేకర్ సంగతి దీంతో తేలిపోయింది" అన్నారు ఆయన. నేను ఆయన ఎదురుగానే కూర్చున్నాను.

నాంచారయ్య గారిని సస్పెండ్ చేశారు. ఆ లైనును పక్క బ్రేకర్ మీదికి మార్చి, విచారణ ముగిసేదాకా ఈ బ్రేకర్‌ను ఎవరూ ముట్టుకోకూడదని సీలు వేశారు.

తొమ్మిది రోజులు

నేను తొమ్మిది రోజులు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఇది చదివే పిల్లలు ఈ భాగాన్ని దాటేయకండి.

మొదటిరోజు నాకు నేను చెప్పుకున్నది, సీసా పోయిందని రుజువేమీ లేదు కదా అని. నిజంగా ఆయనే మరిచి ఉండొచ్చు. వయసు మీద పడింది. రెండోరోజు, ఆయనకు పెద్ద శిక్ష పడకుండా నేనే ఒక మాట సాయం చేద్దామనుకున్నాను. చూడండి, తప్పు చేసినవాళ్లకు దానగుణం ఎలా పుట్టుకొస్తుందో. మూడోరోజు అన్ని సబ్‌స్టేషన్లకూ ఫోన్ చేసి, "ఏబీ స్విచ్ దించకుండా ఎవరికీ ఎల్‌సీ ఇవ్వొద్దు, ఏమైనా ఉంటే తర్వాత నన్నడగండి" అని గట్టిగా చెప్పాను. దాంతో ఇంకెవరి ప్రాణానికీ నాది పూచీ లేదని ఊరట పడ్డాను. ఎందుకు చెబుతున్నానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం చర్చికి వెళ్లాను. ప్రార్థన చేసుకోలేక పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను.

తొమ్మిదోరోజు నాంచారయ్య గారింటికి వెళ్లాను. మోపిదేవికి దగ్గర్లో వాళ్ల ఊరు. ఒప్పుకుందామని వెళ్లానని రాస్తే బాగుంటుంది. కానీ ఆయన ఎలా ఉన్నారో చూసి, నాలుగు ధైర్యం మాటలు చెప్పి, నా మనసు తేలిక చేసుకుందామనే వెళ్లాను.

వాకిట్లో ఆయన భార్య ఎదురొచ్చింది. నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది.

"లేచిన కాణ్ణుంచీ స్విచ్చులు చూసుకుంటన్నారమ్మా. ఫ్యాను కట్టేసి బయటికెళ్తారు, మళ్లీ వెనక్కొచ్చి చూస్తారు. గ్యాసు కట్టింది నేనైతే, కట్టావా అని నన్నడుగుతారు. నిన్న బోరు స్విచ్చి దగ్గర నన్ను నిలబెట్టి, ఇది కట్టేసినట్టేనా, నువ్వు చూసి చెప్పు అన్నారు. నాకు భయమేస్తందమ్మా."

ఆయన లోపల నుంచి వచ్చారు. గడ్డం మాసి ఉంది. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశారు.

"మొదటి రెండ్రోజులూ నేను గట్టిగానే చెప్పానండీ, కట్టేశానని. హ్యాండిల్ మీద నా చెయ్యి ఉన్నట్టే గుర్తు. ఆ చప్పుడు కూడా చెవిలో ఉంది. కానీ డీఈ గారు మీ షీటు చూపించారు. సీసాలు బాగున్నాయని మీరు రాశారు గదా."

ఆయన వేసిన కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నాను.

"మీరు చూడకుండా రాసే మనిషి కాదు. అది నాకు తెలుసు. సీసా బాగుంటే లైన్లోకి కరెంటు ఎట్టా పోద్ది? అంటే నేను కట్టలేదన్నమాటే గదండీ. కట్టకుండానే కట్టానని గుర్తుపెట్టుకున్నాను. ఇంకా ఎన్ని అట్టా గుర్తుపెట్టుకున్నానో. ఆ పిల్లాడు నా చేతుల్లో పోయేవాడు మేడం."

ఆయన తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నారు. ఇన్నేళ్లూ అబద్ధం చెప్పని చెయ్యి అది. నేను ఊరికే ఒక గడిలో రాసిన ఒక్క మాట కోసం ఆయన దాన్ని నమ్మడం మానేశారు. 

"నేను చూడలేదు నాంచారయ్య గారూ" అన్నాను.

"ఏంటండీ?"

"ఆ పరీక్ష చేయలేదండీ. సెట్ రిపేరులో ఉంది. చేయకుండానే రాశాను."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కోప్పడతారేమో, తిడతారేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన "అయితే సీసా పోయిందంటారా?" అని చిన్నగా అడిగారు.

"తెలీదండీ. పరీక్ష చేస్తేగాని ఎవరికీ తెలీదు."

"బాగుంటేనో?"



డీఈ గారి గదిలో

అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లి డీఈ గారికి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. నేను పనిచేసిన పై అధికారుల్లో మంచివాళ్లలోనే లెక్క. తలుపు వేయించి, తగ్గు గొంతుతో అన్నారు.

"చూడండి కరుణ గారూ. ఆయనకి రెండేళ్ల సర్వీసుంది, చిన్న శిక్షతో బయటపడేస్తాను. మీకింకా చాలా ఉంది. ఈ షీటు తప్పని మీరే రాస్తే ఈ ఒక్క షీటుతో ఆగదు. మిగతావన్నీ తవ్వుతారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా. సీసాలు మూడూ మార్పించేసి బ్రేకర్ సర్వీసులో పెట్టేయండి. పాతవి స్టోర్‌కి పోతాయి."

ఒక్క నిమిషం ఆ దారి నాకు కనబడింది. నున్నగా ఉంది. అబద్ధమెందుకు, ఆ నిమిషం నాకు ఆశపుట్టింది.

"నాంచారయ్య గారు ఇంట్లో బోరు స్విచ్ కట్టేశారో లేదో భార్యని పిలిచి అడుగుతున్నారు సార్" అన్నాను.

డీఈ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏం చేద్దామంటారు?" అన్నారు.

గుడివాడ నుంచి హైపాట్ సెట్ తెప్పించి, సీలు వేసిన బ్రేకర్‌ను అందరి ముందూ పరీక్షించాలన్నాను. నాంచారయ్య గారు అక్కడ ఉండాలన్నాను. సస్పెన్షన్‌లో ఉన్న మనిషిని యార్డులోకి రానివ్వకూడదు. డీఈ గారు తన బాధ్యత మీద రానిచ్చారు. అందుకే ఆయన్ని మంచివాళ్లలో లెక్కేశాను.

తర్వాత నాకేమైందనేది ఇక్కడే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సంజాయిషీ అడిగారు, రాశాను. శిక్ష పడింది, న్యాయంగానే పడింది. ఆ నెలలో నేను సంతకం పెట్టిన ప్రతి బ్రేకర్‌నూ నేనే తిరిగి పరీక్షించాను. మిగతావన్నీ నిలిచాయి. నిలిచాయి కాబట్టి నేను చేసింది ఒప్పయిపోదు.

పరీక్ష

ఆ ఉదయం కారులో సెట్ పక్కన కూర్చుని వెళ్తూ దేవుణ్ణి ఏమని అడగాలో నాకు తెలియలేదు. సీసా పోయి ఉంటే ఒక నిర్దోషిని నేను తొమ్మిది రోజులు నలిపేసినట్టు. బాగుంటే నాంచారయ్య గారి భయమే నిజమై, ఆ మనిషి ఇక కోలుకోడు. దారి పొడవునా చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఏమీ అడక్కుండానే వెళ్లాను.

తాడు కట్టి అందర్నీ దాని వెనక నిలబెట్టాం. డీఈ గారు, ఏఈ, యూనియన్ తరఫున ఇద్దరు. ఏడుకొండలు ఒక మూల నిలబడ్డాడు. నాంచారయ్య గారితో మాటల్లేవు. నాంచారయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. డీఈ గారు సీలు తీయించారు. బ్రేకర్ తెరిచే ఉంది, పచ్చగుర్తు కనబడుతోంది. నేను మధ్య ఫేజు మీద కేబుల్ తగిలించి వోల్టేజి పెంచాను. ఇరవై ఎనిమిది వేల దాకా వెళ్లింది. నిమిషం నిలిచింది. చివరి ఫేజు కూడా నిలిచింది.

మొదటి ఫేజు మిగిలింది. నాంచారయ్య గారి వైపు చూడలేదు. మీటరు ముల్లునే చూశాను. ఒకటి, రెండు, మూడు. నాలుగు దాటి ఐదు అందుకోకముందే సెట్ టప్పున ట్రిప్పయింది. ముల్లు సున్నాకు పడిపోయింది.

 ఆ సీసాను చూస్తే గీత కూడా లేదు, కొత్తదానిలా తెల్లగా ఉంది. తెరిచి ఉన్నా ఐదు వేలు ఆపలేకపోయింది. అది పదకొండు వేల లైను.

"సీసా పోయింది" అన్నాను, అందరికీ వినబడేలా. "నేను పరీక్ష చేయకుండా బాగుందని రాశాను. ఆ పొద్దు నాంచారయ్య గారు బ్రేకర్ కట్టారు. సీసా కట్టలేదు."

ఏడుకొండలు తాడు పక్కగా నడిచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు కట్టేశావు బాబాయ్. నేనే నిన్ను అనరాని మాటలన్నాను" అన్నాడు. ఏడుస్తున్నాడు.

నాంచారయ్య గారు అతని మాట విన్నట్టు లేరు. మీటరు వైపే చూస్తున్నారు.

"మేడం, ఇంకోసారి పెంచండి" అన్నారు.

సున్నా నుంచి పెంచాను. మళ్లీ అక్కడే ట్రిప్పయింది.

"ఇంకోసారి."

పెంచాను. అదే చోట, అదే చప్పుడు. యూనియన్ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డీఈ గారు గడియారం చూసుకుని, "తేలిపోయింది కదా కరుణ గారూ, ఇక చాలు" అన్నారు.

"ఇంకొక్కసారి మేడం" అన్నారు నాంచారయ్య గారు. ఆయన కుడిచెయ్యి చొక్కా అంచును పట్టుకుని ఉంది.

 నాబ్ సున్నాకు తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఎన్నిసార్లు పెంచానో లెక్కపెట్టలేదు. ఆయన చాలనేదాకా పెంచుతూనే ఉన్నాను.